‘డ్యూన్’ రెండో సంపుటి మీద పేచీ ఎందుకు? పాలమూరు, నల్లగొండ నుంచి చదివితే ఏం కనిపిస్తుంది?

క్లుప్తంగా

అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ రాసిన ‘డ్యూన్’ సిరీస్‌లో మొదటి నవలను నెత్తిన పెట్టుకున్న పాఠకుల్లో చాలామంది రెండోదైన ‘డ్యూన్ మెసయ్య’ దగ్గరికి వచ్చేసరికి ముఖం తిప్పుకుంటారు. అసలు పుస్తకం అదేనని వాదించేవాళ్లూ ఉన్నారు. ఇది ఎవరి రుచి వాళ్లదని వదిలేసే సంగతి కాదు. మొదటి సంపుటి పాఠకుడికి ఏం ఆశ పెట్టింది, రెండోది దాన్ని ఎలా తీసేసుకుంది, చదివే మనిషి ఎలాంటి ఊళ్లో పెరిగాడు అన్నవి కలిసి ఆ అభిప్రాయాన్ని తయారుచేస్తాయి. దక్షిణ తెలంగాణ పాఠకుడికి ఈ సిరీస్‌లోకి రెండు దగ్గరి దారులున్నాయి. ఒకటి నీళ్లు, రెండోది ఉర్దూ కలిసిన మన మాట. కథలోని ముఖ్యమైన మలుపులు కింద చెప్పక తప్పలేదు కాబట్టి, ఇంకా చదవనివాళ్లు అది చూసుకుని ముందుకు వెళ్లాలి.

తిట్టుగా పుట్టిన పేరు

స్పేస్ ఆపెరా అన్న మాట వినగానే అంతరిక్షంలో జరిగే సంగీత నాటకం ఏదో అనిపిస్తుంది. సంగీతంతో దానికి సంబంధమే లేదు. అమెరికాలో రోజూ వచ్చే రేడియో ధారావాహికలకు సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టేవి. అందుకే వాటికి ‘సోప్ ఆపెరా’ అని పేరొచ్చింది. గుర్రాల మీద తిరిగే కౌబాయ్ కథలు ‘హార్స్ ఆపెరా’ అయ్యాయి. 1941లో విల్సన్ టక్కర్ అనే రచయిత అదే వరసలో, అరిగిపోయిన అంతరిక్ష నౌకల కథలను వెక్కిరించడానికి ‘స్పేస్ ఆపెరా’ అన్నాడు. ఆ వెక్కిరింత పోయి, పేరు మాత్రం మిగిలింది. గ్రహాల మధ్య రాజ్యాలు, వంశాల మధ్య పగలు, పెద్ద యుద్ధాలు, తరతరాలు సాగే కథ ఉంటే ఇప్పుడు ఆ పేరుతో పిలుస్తున్నారు. ‘డ్యూన్’ ఆ కోవలోదే.

రాత్రంతా సాగే భాగోతం చూసిన ఊళ్లకు ఇంత పొడుగు కథ కొత్తేమీ కాదు. కొత్తగా అనిపించేది దాన్ని తూకం వేసే పద్ధతి. సిరీస్‌లో ఒక సంపుటిని విడిగా పట్టుకుని బాగుంది, బాగా లేదు అంటే ఆ మాట సగమే అవుతుంది. దాని ముందున్న సంపుటి ఎలాంటి ఆకలి పెంచిందో కూడా లెక్కలోకి రావాలి.

మొదటి సంపుటి పెట్టిన ఆశ

‘డ్యూన్’ 1965లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందు 1963 డిసెంబర్ నుంచి 1965 మే వరకు, మధ్యలో విరామంతో, ‘అనలాగ్’ అనే పత్రికలో సీరియల్‌గా నడిచింది. ఇరవై దాకా ప్రచురణకర్తలు కాదన్నాక, కార్ల రిపేరు పుస్తకాలకు పేరున్న చిల్టన్ అనే సంస్థ దాన్ని అచ్చువేసింది. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో అవార్డును 1966లో మరో నవలతో పంచుకుంది. నవలలకు మొట్టమొదటి నెబ్యులా అవార్డు కూడా దీనికే దక్కింది.

కథ పైకి చాలా తెలిసినట్టే ఉంటుంది. ఎడారి గ్రహం ఒకదాన్ని ఏలడానికి వచ్చిన పాల్ అనే కుర్రవాడి తండ్రిని శత్రువులు మోసం చేసి చంపుతారు. తల్లీకొడుకులు ఎడారిలోకి పారిపోతారు. అక్కడి ఫ్రెమెన్ తెగ వాళ్లను చేరదీస్తుంది. కుర్రవాడు ఆ తెగకు నాయకుడై, పగ తీర్చుకుని, చివరికి సింహాసనం ఎక్కుతాడు. చదివినవాళ్లకు గుండె నిండిపోతుంది.

1969లో వచ్చిన ‘డ్యూన్ మెసయ్య’ పన్నెండేళ్ల తర్వాత మొదలవుతుంది. పాల్ ఇప్పుడు చక్రవర్తి. అతని పేరు మీద జరిగిన యుద్ధాల్లో 6,100 కోట్ల మంది చచ్చిపోయారు. ఈ లెక్క చెప్పేది శత్రువు కాదు, పాలే. అదీ తక్కువలో తక్కువగా వేసిన అంచనా అని తనే అంటాడు. చెంఘిజ్ ఖాన్, హిట్లర్ పేర్లు తీసి, వాళ్లు తన ముందు చాలా చిన్నవాళ్లని ఒప్పుకుంటాడు. నవల చివర అతని ప్రియురాలు చానీ ప్రసవంలో చనిపోతుంది. చూపు పోయిన పాల్, గుడ్డివాళ్లు తెగకు భారం కాకుండా ఎడారికి వెళ్లిపోవాలన్న ఫ్రెమెన్ ఆచారం ప్రకారం ఒంటరిగా ఇసుకలోకి నడిచిపోతాడు.

పేచీ అంతా ఇక్కడే. మొదటి సంపుటిలో హీరోతో పాటు గెలిచిన పాఠకుడికి, ఆ గెలుపుకి ఎంత ఖర్చయిందో రెండో సంపుటి లెక్క చూపిస్తుంది. ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. మొదటి నవలను సీరియల్‌గా వేసిన ‘అనలాగ్’ సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్‌కే అది మింగుడుపడలేదు. తన పాఠకులకు గెలిచే హీరో కావాలని ఆయన రెండో నవలను తిరస్కరించాడు. అది ‘గెలాక్సీ’ అనే మరో పత్రికలో వచ్చింది. అంటే ఈ పుస్తకం మీద మొదటి ‘నచ్చలేదు’ అచ్చుకు ముందే, సంపాదకుడి బల్ల మీదే పడిపోయింది.

హెర్బర్ట్ మాత్రం దారి మార్చుకోలేదు. జనాన్ని ఊపేసే నాయకుల విషయంలో జాగ్రత్తగా ఉండాలని హెచ్చరించడానికే ఈ కథ రాశానని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ హెచ్చరిక మొదటి నవలలో లేకపోలేదు. ఎడారిలో చావుబతుకుల్లో ఉన్న ఒక శాస్త్రవేత్తకు, చనిపోయిన తండ్రి గొంతు వినిపిస్తుంది. మీ జనానికి ఒక హీరో దొరకడం కంటే పెద్ద ఆపద ఉండదని ఆ గొంతు చెబుతుంది. పైగా, రక్షకుడు వస్తాడన్న జోస్యాన్ని ఆ తెగలో చాలాకాలం కిందటే వేరే వాళ్లు తమ అవసరం కోసం నాటిపెట్టారని కూడా కథలో స్పష్టంగా ఉంది. కానీ కథ పరుగు అంత వేగంగా ఉన్నప్పుడు ఈ మాటలు చెవిన పడవు. రెండో నవలను ‘మోసం’ అనేవాళ్లు ఒకసారి వెనక్కి వెళ్లి ఆ పేజీలు చూస్తే, మోసం ఎక్కడా జరగలేదని తెలుస్తుంది.

అలాగని రెండో నవలలో లోపాలే లేవనడం సరికాదు. మొదటిదానిలో సగం కూడా లేని ఈ పుస్తకంలో గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడం ఎక్కువ. పన్నెండేళ్ల యుద్ధం పేజీల వెనకే జరిగిపోతుంది. కుట్రదారులు నలుగురూ తర్కించుకునే మొదటి దృశ్యాలు దాటడానికి ఓపిక కావాలి. నిరాశపడ్డ పాఠకుల్లో కొందరి ఫిర్యాదు నిజానికి ఈ నత్తనడక మీద. బయటికి చెప్పేటప్పుడు మాత్రం అది ‘హీరోని పాడుచేశాడు’ అన్న మాటగా వస్తుంది. ఈ రెండు ఫిర్యాదులనూ వేరు చేసి చూస్తే చర్చ చాలా తేటపడుతుంది.

ఇరవై ఖర్జూర చెట్లు, వంద మంది మనుషులు

ఇక నీళ్ల సంగతి. మొదటి నవలలో చిన్న సన్నివేశం ఒకటుంది. కొత్తగా వచ్చిన పాలకుల భవనం ముందు ఇరవై ఖర్జూర చెట్లుంటాయి. దారిన పోయే జనం వాటి వంక అదోలా చూస్తుంటారు. ఎందుకలా చూస్తున్నారో భవనంలోని వైద్యుడు పాల్ తల్లికి లెక్క కట్టి చెబుతాడు. ఒక చెట్టుకు రోజుకు 40 లీటర్ల నీళ్లు కావాలి. మనిషికి 8 లీటర్లు చాలు. అంటే ఒక చెట్టు ఐదుగురితో సమానం. ఇరవై చెట్లంటే వంద మంది.

నీళ్లకు కరువు లేని ఊళ్లో పెరిగిన పాఠకుడికి ఇది రచయిత అల్లిన చక్కటి ఊహ. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు బిందెలు వరసలో పెట్టి నిలబడ్డ ఇంటివాళ్లకు ఇది రోజూ వేసుకునే లెక్క. బోరులో వచ్చే రెండించుల నీళ్లు బత్తాయి తోటకు పెట్టాలా, బర్రెలకు పెట్టాలా, ఇంటికి మళ్లించాలా అన్న వాదన ఎండాకాలం ప్రతి ఇంట్లో జరిగేదే. స్నానం చేసిన నీళ్లు మల్లెచెట్టుకు పోయేలా కాలువ తీసుకోవడం ఇక్కడ ఎవరూ ప్రత్యేకంగా నేర్పే విద్య కాదు. మిషన్ భగీరథ పథకంలో గ్రామాల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ అంకె పక్కన నవలలోని 8 లీటర్లు పెట్టి చూస్తే, కథలోని గ్రహం ఎంత ఎండిపోయిందో ఏ వర్ణనా అక్కర్లేకుండా అర్థమవుతుంది.

అదే నవలలో ఫ్రెమెన్ పెద్ద ఒకడు కొత్త పాలకుడి ముందుకొచ్చి బల్ల మీద ఉమ్ముతాడు. చుట్టూ ఉన్నవాళ్లు కత్తుల మీద చేతులు వేస్తారు. మన దగ్గరైతే మొహాన ఉమ్మినంత అవమానం అది. కానీ ఒంట్లోని తడిని కానుకగా ఇవ్వడం వాళ్ల లెక్కలో పెద్ద మర్యాద. ఆ ఆచారం తెలిసిన ఒక సైనికుడు కృతజ్ఞతలు చెప్పి, తనూ ఉమ్ముతాడు. చనిపోయిన మనిషి కోసం పాల్ ఏడిస్తే, చచ్చినవాడికి నీళ్లిస్తున్నాడని తెగ మొత్తం నిశ్చేష్టమైపోయేది కూడా ఇందుకే.

పాత నల్లగొండ జిల్లాలో నీళ్ల కథ కరువుతో ఆగలేదు. ఉన్న నీళ్లే ఒంటికి చేటు చేశాయి. భూమిలోని గ్రానైట్ రాళ్ల నుంచి నీళ్లలోకి కరిగిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి తాగిన మనుషుల పళ్లను గారపట్టించింది, ఎముకలను వంచింది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును ఇక్కడి బోర్లు ఎన్నో రెట్లు దాటాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ తయారుచేస్తే, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. జిల్లా పేరు ప్రపంచమంతటా శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది ఈ బాధ వల్లే. నీళ్లు మనిషి ఒంటి మీద ఏం రాసిపోతాయో చూసిన ప్రాంతం ఇది.

అందుకే ఇక్కడి పాఠకుడికి రెండో సంపుటి మింగుడుపడటం కొంత సులువు కావాలి. నీళ్లు తెస్తానని వచ్చిన నాయకుడి వెంట జనం ఎందుకు నడుస్తారో అతనికి వేరేగా చెప్పనక్కర్లేదు. ప్రతి ఎన్నికలోనూ నీళ్ల మాట వినిపించే ప్రాంతం ఇది. దేశంలో ఎక్కడెక్కడి డ్యాములకో, కాలువలకో మట్టి మోసిన పాలమూరు కూలీలు, సొంత ఊళ్లో చేను తడవక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయి బస్సెక్కిన చరిత్ర ఇంకా ఇంటింటి జ్ఞాపకమే. ఆశ ఎంత బలమైనదో, దాన్ని నమ్ముకున్నవాళ్లకు తర్వాత ఏం మిగిలిందని అడగడం ఎంత అవసరమో ఈ చరిత్ర తెలిసినవాళ్లకు బాగా తెలుసు. ‘డ్యూన్ మెసయ్య’ అడిగేదీ ఆ ప్రశ్నే.

నాయబ్, పాదుషా, గాయబ్

ఈ సిరీస్ మీద తరచూ వినిపించే ఇంకో ఫిర్యాదు, కొరుకుడుపడని మాటలు. నవల వెనక పదకోశం పెట్టాల్సి వచ్చేంతగా కొత్త పదాలున్నాయి. ఇంగ్లిష్ పాఠకులు వీటి దగ్గరే తడబడతారు. హెర్బర్ట్ వీటిలో చాలా మాటలను అరబ్బీ, పర్షియన్ నుంచి తెచ్చుకున్నాడు. నిజాం కాలం నుంచి ఉర్దూ ఇంటిమాటల్లో కలిసిపోయిన మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, నల్లగొండ పాఠకులకు వాటిలో సగం తెలిసినవే.

చక్రవర్తి బిరుదులో ఉన్న ‘పాదిషా’ మన పాదుషాయే. ఫ్రెమెన్ తెగ పెద్దను ‘నాయబ్’ అంటారు. మండలాఫీసు చుట్టూ తిరిగిన పెద్దవాళ్లెవరిని అడిగినా నాయబ్ తహసీల్దారు ఎవరో చెబుతారు. తెగలో పాల్‌కు పెట్టిన రహస్యనామం ‘ఉసూల్’. స్తంభం అడుగున ఉండే బలమని నవలలో దాని అర్థం. ఉసూల్ అంటే ఉర్దూలో నియమాలు, మూలసూత్రాలు. తెగలో అందరూ పాల్‌ను పిలిచే ‘మువాద్దిబ్’ అన్న పేరు వెనకున్న అరబ్బీ మాటకు అదబ్ నేర్పే గురువని అర్థం. అదబ్ అంటే మర్యాద అని ఇక్కడ చాలామందికి తెలుసు. అన్నిటికంటే తమాషా అయినది ‘లిసాన్ అల్ గైబ్’. లిసాన్ అంటే నాలుక, మాట. గైబ్ అంటే కంటికి కనపడనిది. పైసలు తీసుకుని గాయబ్ అయిండని మనం రోజూ అనే మాటా, జనం రక్షకుడిగా కొలిచే ఆ బిరుదూ ఒకే వేరు నుంచి వచ్చాయి.

ఈ తేడా చిన్నది కాదు. మాట అడ్డం పడినప్పుడు పాఠకుడు ఆగుతాడు, విసుక్కుంటాడు, ఆ విసుగు కథ మీదికి పోతుంది. మాట తెలిసినప్పుడు ఆ పాత్ర తనకు దగ్గరగా వస్తుంది. ఎవరైనా ఈ సిరీస్‌ను తెలంగాణ నుడిలోకి తేవాలనుకుంటే, ఈ మాటలను సంస్కృతంలోకి మార్చి ‘అధిపతి’, ‘సామ్రాట్టు’ చేయకుండా నాయబ్‌ను నాయబ్‌గా, పాదుషాను పాదుషాగా ఉంచడం మేలు. అచ్చంగా ఇక్కడి కచేరీల్లో, సంతల్లో అరిగిన మాటలవి. ఎడారి తెగ నోట అవి చక్కగా ఒదుగుతాయి.

పక్క సిరీస్‌ల మీద వేరే ఫిర్యాదులు

పోల్చి చూస్తే సంగతి ఇంకా తెలుస్తుంది. ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’ మొదటి మూడు పుస్తకాలు 1951 నుంచి 1953 మధ్య వచ్చాయి. 1966లో అన్ని కాలాల్లోకీ ఉత్తమ సిరీస్‌గా హ్యూగో అవార్డు అందుకున్నాయి. అక్కడ హీరోని పాడుచేశారని ఎవరూ అనరు, ఎందుకంటే పట్టుకోవడానికి ఒక హీరో ఉండడు. కథ దశాబ్దాలు దూకుతూ పోతుంది, మనుషులు మారిపోతుంటారు. అందుకని దాని మీద వచ్చే ఫిర్యాదు వేరు: ఆలోచన గొప్పది, మనుషులు మాత్రం గుర్తుండరు అని.

2011లో మొదలై తొమ్మిది నవలలతో 2021లో ముగిసిన ‘ది ఎక్స్‌పాన్స్’ ఇంకో రకం. జేమ్స్ ఎస్.ఎ. కోరీ అన్న కలంపేరుతో డేనియల్ అబ్రహాం, టై ఫ్రాంక్ కలిసి రాశారు. మొదటి నవలలో పెద్ద గొడవకు నిప్పంటించేది శని గ్రహ వలయాల నుంచి మంచుగడ్డలు మోసుకొచ్చే ఓడ. మన భాషలో చెప్పాలంటే నీళ్ల ట్యాంకరే. దాన్ని ఎవరో పేల్చేస్తారు. నీళ్ల కోసం ఆ ఓడల మీదే ఆధారపడ్డ కూలి జనం, ‘బెల్టర్లు’, భగ్గుమంటారు. తక్కువ గురుత్వాకర్షణలో పుట్టి పెరగడం వల్ల వాళ్ల ఎముకలు సాగి, సన్నబడి ఉంటాయి. భూమి మీద వాళ్ల ఒళ్లు వాళ్లకే బరువు. బతికిన చోటు మనిషి ఎముకల్లోకి ఎక్కడం మర్రిగూడ మండలం చూసినవాళ్లకు కల్పనలా అనిపించదు. ‘డ్యూన్’లో రాజులు, ప్రవక్తలు ఎక్కువ, పని చేసే మనుషులు తక్కువని విసుక్కునే పాఠకుడికి ఈ సిరీస్ దగ్గరగా ఉంటుంది. ఆ విసుగులో న్యాయం ఉంది కూడా. ఆ గ్రహం ఇసుకలో మాత్రమే దొరికే విలువైన ‘మసాలా’ను తవ్వే కూలీల జీవితం ‘డ్యూన్’లో నిజంగానే కొన్ని పేజీలకు మించి కనిపించదు.

తర్వాతి సంపుటాలకు మార్కులు ఎందుకు పెరుగుతాయి?

సిరీస్ పుస్తకాల రేటింగ్‌లు చూసి కొనేవాళ్లు ఒక విషయం గమనించాలి. మొదటి సంపుటిని అందరూ చదువుతారు: ఇష్టపడేవాళ్లు, సినిమా చూసి కొన్నవాళ్లు, ఎవరో ఇస్తే తిరగేసినవాళ్లు. నచ్చనివాళ్లు అక్కడే దిగిపోతారు. రెండోదాని దగ్గర మరికొందరు దిగుతారు. నాలుగో సంపుటి దాకా వచ్చేసరికి బస్సులో మిగిలింది దాన్ని ప్రేమించేవాళ్లే. కాబట్టి ఆ తర్వాతి పుస్తకాలకు మార్కులు బాగా పడ్డాయంటే అవి మొదటిదాని కంటే గొప్పవని అనుకోనక్కర్లేదు, తూచే చేతులు మారాయి. రెండో సంపుటికి ఈ వెసులుబాటు ఉండదు. మొదటిదాన్ని వేరే కారణాలకు ప్రేమించిన జనమంతా ఇంకా అక్కడే ఉంటారు. దాని మీద అంత ఘాటుగా మాటలు పడటానికి ఇదొక ముఖ్యమైన కారణం.

విరామం కూడా లెక్కే. 1965లో మొదటిది చదివి, నాలుగేళ్లు పాల్‌ను మనసులో పెట్టుకున్న పాఠకుడికి తగిలిన దెబ్బ వేరు. ఇవాళ రెండూ ఒకే వారంలో ఫోన్‌లో చదివేసే డిగ్రీ విద్యార్థికి అవి ఒకే కథలో రెండు సగాల్లా కనిపిస్తాయి. వారపత్రికల సీరియళ్ల కాలం చూసిన తెలుగు పాఠకులకు ఇది తెలిసిన విషయమే. వారం వారం ఎదురుచూసిన ముగింపు మీద వచ్చే కోపం, అదే నవలను పుస్తకంగా ఒక్క రాత్రిలో చదివినవాళ్లకు రాదు.

ఇక ముందు

2021, 2024లో వచ్చిన రెండు ‘డ్యూన్’ సినిమాలూ మొదటి నవలనే రెండు ముక్కలుగా చెప్పాయి. మూడో సినిమాకు ఆధారం ‘డ్యూన్ మెసయ్య’. కాబట్టి ఐదు దశాబ్దాల కిందట పాఠకుల మధ్య నడిచిన వాదన ఇప్పుడు ప్రేక్షకుల మధ్య మళ్లీ నడవడం ఖాయం. దర్శకుడు డెని విల్‌నవ్ రెండో సినిమాలోనే పాల్ ప్రియురాలు చానీని అతని మీద అనుమానపడే మనిషిగా మార్చాడు. నవలలో ఆమె చివరిదాకా అతని వెంటే ఉంటుంది. ఈ మార్పు వల్ల, సినిమా చూసి పుస్తకం పట్టుకునేవాళ్లకు హీరో పతనం అంత హఠాత్తుగా అనిపించకపోవచ్చు. కాకపోతే నవలలోని చానీ వాళ్లకు మరీ మెత్తగా తోస్తుంది. ఫిర్యాదు పోదు, చోటు మారుతుంది.

రెండోది చదివి ఆపేయాలనుకునేవాళ్లు మూడోదాన్ని, 1976లో వచ్చిన ‘చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్’ను ఒకసారి చూడాలి. ముఖ్యంగా పాత నల్లగొండ జిల్లావాళ్లు. 1955లో పునాదిరాయి పడి 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ ఆ జిల్లాను రెండుగా చీల్చింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వరిపొలాలు, రైస్‌మిల్లులతో నిండిపోయాయి. కాలువ అందని ఎగువ మండలాలు దశాబ్దాల తరబడి బోర్లనే నమ్ముకున్నాయి. మూడో సంపుటిలో ఎడారి గ్రహానికీ నీళ్లొస్తాయి. పచ్చదనం పెరుగుతుంది. చుక్క నీరు వృథా కాకుండా ఒంటికి బిగించుకున్న దుస్తులను కొత్త తరం అశ్రద్ధగా వేసుకుంటుంది, కొందరు మానేస్తారు. తడి తగిలితే బతకలేని, ఆ ఎడారిలో తిరిగే భారీ ఇసుకపురుగులు తగ్గిపోతుంటాయి, వాటితో పాటే గ్రహానికి బతుకునిచ్చిన మసాలా కూడా. పాత మనుషులు ఆ పచ్చని పొలాల గట్టున నిలబడి, తాము కోరుకున్నది ఇదేనా అని చూస్తుంటారు. కాలువ కింద పెరిగిన పాఠకుడు, బోరు కింద పెరిగిన పాఠకుడు ఆ పేజీని ఒకేలా చదవరు.